ముగ్గురు సోంబరులు

దబ్బగుమ్మి,
జూన్ 19.

ఒసే డాలీ,

హుకుంపేట హాస్టల్లో నా పక్క మంచం మీద పడుకుని, రోజూ నా చేత జడ వేయించుకున్న గుంటవి, ఇప్పుడు గొల్లిమెట్ట మండల విద్యాశాఖ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చున్నావని జీపు విల్సన్ చెప్పాడు. మూడేళ్ళయిందట. ఇంత దగ్గరుండి ఒక్క కబురు పెట్టలేదు చూడు. తిట్టడానికి తర్వాత తీరిక చేసుకుంటాను, ఇప్పుడు పని పడింది.

మా బడి మూసేస్తారట. భాస్కరరావు మాస్టారు పోయిన మంగళవారం కాగితం చదివి వినిపించారు. బడిలో తొమ్మిది మందే ఉన్నారట. పదికి తక్కువైతే ఐదు కిలోమీటర్ల అవతల కొండబారు బడిలో కలిపెయ్యాలట. నేను ఆ బడిలో పదకొండేళ్ళుగా మధ్యాహ్నం వంట చేస్తున్నాను. రోజూ పదమూడు కంచాలు కడుగుతున్నాను. నాకు లెక్కలు రావని నువ్వే అనేదానివి కానీ పదమూడు దాకా వచ్చు.

నా పెళ్ళికి వచ్చినప్పుడు నువ్వు చూసిన ఊరే ఇది. ఇప్పటికీ ఊరు మొత్తం మీద స్లాబు ఉన్నది ఆ రెండు గదులకే. నర్సమ్మ వచ్చి సూదులు వేసేది ఆ వరండాలో. ఓట్లు వేసేది అక్కడే. పోయినేడు తుపానుకి ఇళ్ళ రేకులు లేచిపోతే పదకొండు కుటుంబాలు ఆరు రోజులు అందులోనే ఉన్నాయి. కాఫీ పళ్ళు ఆరబోసుకునేదీ దాని ముందున్న సిమెంటు నేల మీదే. తల్లిని ఆసుపత్రికి మోసుకెళ్ళే డోలీ కోసం చూసి చూసి ఒక పిల్లాడు రెండో గదిలోనే పుట్టేశాడు. అందరికన్నా ముందు బడిలో చేరినవాడు వాడేనని మాస్టారు నవ్వారు. బడికి తాళం వేస్తే ఇవన్నీ ఎక్కడ చేసుకోవాలో ఆ కాగితంలో రాయలేదు.

మిగతా నలుగురు ఎక్కడికి పోయారో నీ కంప్యూటర్లో చూసి చెప్పు. మా ఊళ్ళో ఫోన్ పలకదని తెలుసు కదా. జీపు వారానికి రెండుసార్లు దిగుతుంది. విల్సన్ చేతికిస్తే నాకు చేరుతుంది.

నీ
చిన్నమ్మలు


గొల్లిమెట్ట,
జూలై 2.

చిన్నక్కకి నమస్కారాలు.

నీ ఉత్తరం చూసి చాలా సంతోషించాను. నీ చేతిరాత అలాగే ఉంది, గీత దాటి పైకి ఎక్కిపోతోంది. కబురు పెట్టనందుకు క్షమించు. ఇక్కడ పని అలాంటిది.

బడి సంగతి నేను చూశాను. ఆ జాబితాలు పై నుంచి తయారై వస్తాయి అక్కా. మా స్థాయిలో మార్చడానికి వీలుండదు. పిల్లల సంఖ్య ఎంతో కంప్యూటరే తేలుస్తుంది. అయినా కొండబారు బడిలో ఐదుగురు టీచర్లున్నారు. గోడకి పెద్ద టీవీ ఉంది, ఆటస్థలం ఉంది. మీ దగ్గర ఒక్క మాస్టారు ఐదు తరగతులకి చెప్తున్నారు. పిల్లల భవిష్యత్తు కూడా ఆలోచించాలి కదా. వాళ్ళకి ఆటో ఏర్పాటు చేసే ప్రతిపాదన కూడా ఉందని విన్నాను.

నువ్వు తొందరపడి ఊళ్ళో వాళ్ళని రెచ్చగొట్టకు. కావాలంటే ఒక అర్జీ రాసి ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకో. ఆగస్టులో మా కాంట్రాక్టులు మళ్ళీ పొడిగించాలి, అందుకని అందరం కాస్త జాగ్రత్తగా ఉంటున్నాం.

బావగారికి నా నమస్కారాలు. నీకెంతమంది పిల్లలో రాయనేలేదు.

నీ చెల్లెలు
డాలీ


దబ్బగుమ్మి,
జూలై 24.

డాలీ,

ఆ ఉత్తరం నువ్వు రాశావా, మీ ఆఫీసు రాసిందా? రెండుసార్లు చదివాను. నా చేతిరాత గురించి రాసిన ఒక్క ముక్కలో తప్ప నా డాలీ ఎక్కడా కనబడలేదు. ఆటో అన్నావు. మా ఊరికీ కొండబారుకీ మధ్య గెడ్డ మీద వంతెన లేదు తల్లీ. ఆటో ఈదుతుందా?

ఇక్కడ జరిగింది విను. పోయిన గురువారం బెంచీలు, నీళ్ళ ట్యాంకు, గ్రీన్ బోర్డు పట్టుకుపోవడానికి బొలెరో బండి వచ్చింది. మీ ఆఫీసు లక్ష్మీప్రసాద్ సారు దిగారు. భాస్కరరావు మాస్టారు పాపం తాళాలు చేత్తో పట్టుకుని ఏడుపు మొహంతో నిలబడ్డారు. ఇంకో ఏడాదిలో రిటైరయ్యే మనిషి, ఏమంటారు? నేను గరిటె కూడా కింద పెట్టకుండా ఊళ్ళోకి పరిగెత్తాను.

పది నిమిషాల్లో ఊరంతా బడిలో ఉంది. అందరికన్నా ముందు మా అత్త వెళ్ళి మొదటి బెంచీలో కూర్చుంది. వెనకాల ముసలాళ్ళు, పాలిచ్చే తల్లులు, కాఫీ తోటల్లోంచి వచ్చిన మగాళ్ళు. చిన్నపిల్లల బెంచీలు కదా, మోకాళ్ళు పట్టక కొందరు పక్కకి తిరిగి కూర్చున్నారు. మనుషులు కూర్చున్న బెంచీని బండెక్కించడం ఎవరి తరం?

సారుకి కోపం వచ్చింది. "ఏంటమ్మా ఇది? లేవండి," అన్నారు.

మా అత్త కదల్లేదు. "నాను గుంటగా ఉన్నప్పుడు మా ఊరికి బడి నేదు బాబూ. ఇప్పుడు కూకున్నాను. అ ఆలు సెప్పీసి ఎల్లు," అంది. ఇన్నేళ్ళలో మా అత్తా నేనూ ఒక మాట మీద నిలబడటం అదే మొదలు. ఆవిడ నోరు ఎప్పుడూ నా మీదే పనిచేసేది, మొదటిసారి నాకు పనికొచ్చింది.

నేను జాబితా చూపించమన్నాను. చూపించారు. పై నుంచి కింది దాకా వేలు పెట్టి చదివాను డాలీ. కొర్రా సోంబరు, తండ్రి మంగ్లు. ఒక్కడే ఉన్నాడు. కొర్రా సుక్రి, తండ్రి బుద్రు. ఒక్కతే ఉంది.

నీకు నేను చెప్పాలా? సోమవారం పుట్టినవాడు సోంబరు, మంగళవారం పుట్టినవాడు మంగ్లు, శుక్రవారం పుట్టిన పిల్ల సుక్రి. ఇక్కడ పుట్టిన వారం మర్చిపోయేవాళ్ళు లేరు, తేదీ గుర్తుంచుకునేవాళ్ళూ లేరు. అందుకే పాత మాస్టారు బడిలో చేర్చుకునేటప్పుడు అందరికీ జనవరి ఒకటి అని రాసేశారు. ఇంటిపేరు సగం ఊరికి కొర్రాయే. మంగ్లులు ఆరుగురున్నారు, బుద్రులు ఐదుగురు. మూడో తరగతిలో సోంబరులు ముగ్గురు, రెండో తరగతిలో సుక్రిలు ముగ్గురు. మేం పొట్టి సోంబరు, మేకల సోంబరు, గెడ్డ పక్క సోంబరు అని పిలుచుకుంటాం. మాకెప్పుడూ తికమక రాలేదు. ఆధార్ తీసేవాళ్ళు మా కొండ ఎక్కలేదు కాబట్టి ఆ గడి అందరికీ ఖాళీ.

ముగ్గురు సోంబరులనీ వరసగా నిలబెట్టాను. "వీళ్ళలో మీ సోంబరు ఎవడు బాబూ?" అని అడిగాను.

"నాకేం తెలుసమ్మా, కంప్యూటర్లో ఒక్కడే ఉన్నాడు," అన్నారు సారు.

గెడ్డ పక్క సోంబరు తన ఛాతీ తడుముకుని చూసుకున్నాడు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. బండి ఖాళీగా వెళ్ళింది. ఆ రోజు నుంచీ వంతులేసుకుని బెంచీల్లో కూర్చుంటున్నాం. బియ్యం ఆపేశారు, ఇంటికి గుప్పెడు చొప్పున తెచ్చి వండుతున్నాను. మాస్టారు కొండబారుకి వెళ్ళకుండా ఇక్కడికే వస్తున్నారు, మాతో పాటు ఆయనకీ మొండితనం అంటుకుంది.

ఒక్క సంగతి చెప్పు. పేర్లు తీసెయ్యడం తన లాగిన్‌లో కాదు, ఆఫీసులోనే అవుతుందని మాస్టారు అంటున్నారు. ఆఫీసులో ఎవరు తీస్తారు? కలెక్టరు గారికి రాస్తున్నాను, ఆ పేరు కూడా రాస్తాను.

చిన్నమ్మలు


గొల్లిమెట్ట,
ఆగస్టు 3.

చిన్నక్కా,

ఇకనుంచి ఆఫీసుకి ఉత్తరం పంపొద్దు. విల్సన్ అందరి ముందూ తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. చర్చి వెనక మా ఇంట్లో ఇమ్మని చెప్పు.

ఎవరు తీశారు అన్నది ఇప్పుడు తవ్వితే ఎవరికీ లాభం లేదు. కలెక్టరు గారికి బడి కావాలని రాయండి, వంతెన లేదని రాయండి. ఆ సోంబరుల సంగతి మాత్రం రాయకు. దయచేసి నా మాట విను. నేను ఇంకోరకంగా ప్రయత్నం చేస్తున్నాను.

డాలీ


దబ్బగుమ్మి,
ఆగస్టు 29.

డాలీ,

ఇంకోరకంగా అంటే ఏ రకంగానో నాకు అర్థం కాలేదు. వానలు మాత్రం నీ ప్రయత్నం కోసం ఆగలేదు.

మా ఆయన బుద్రు నెమ్మదస్తుడు. ఊళ్ళో అందరూ కొట్లాటకి దిగితే ఆయన ఒక్కడూ "పిల్లల సదువు పాడైపోద్దే" అని బెంగపెట్టుకున్నాడు. పోయిన శుక్రవారం నాకు చెప్పకుండా మా అమ్మాయిని తీసుకుని కొండబారు బడికి బయల్దేరాడు. గెడ్డ మోకాళ్ళ లోతే ఉందట, పిల్లని భుజం మీద ఎక్కించుకుని దిగాడు. సగం దాటేసరికి పై నుంచి ఎర్రనీళ్ళు ఒక్కసారిగా వచ్చాయి. ఆయన కాలు జారింది. పిల్ల నీళ్ళలో పడింది. పది గజాలు కొట్టుకుపోయి చింతచెట్టు వేళ్ళకి తగులుకుంది. పశువులు కాసుకుంటున్న మనిషి చూసి లాగాడు. పుస్తకాల సంచీ పోయింది, పిల్ల దక్కింది. ఆయన ఒడ్డున కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మా ఆయన ఏడవగా నేను చూడటం అదే మొదటిసారి.

నాకెంతమంది పిల్లలని అడిగావు, నేను చెప్పలేదు. ఒక్కతే. శుక్రవారం పుట్టింది, మా అత్త సుక్రి అని పెట్టింది. ముగ్గురిలో ఏ సుక్రి మిగిలిందో మీ ఆఫీసుకే తెలియదు కదా, నాకెలా తెలుస్తుంది? నా కూతురు నీ కంప్యూటర్లో ఉందో లేదో నాకు తెలియదు. అది నీకు చెబితే జాలిపడి చేస్తావని చెప్పలేదు. జాలి అక్కర్లేదు, న్యాయంగా చెయ్యమన్నాను.

పాడేరు కలెక్టరు ఆఫీసులో సోమవారం అర్జీల రోజుకి రెండుసార్లు వెళ్ళాం. పేర్లు పొరపాటున పోయాయని మీ మండలం నుంచి రాతపూర్వకంగా తీసుకురమ్మంటున్నారు. లక్ష్మీప్రసాద్ సారు అలాంటిదేం జరగలేదంటున్నారు.

ఇప్పుడు సూటిగా అడుగుతున్నాను. సోంబరుల సంగతి రాయొద్దని ఎందుకు బతిమాలావు? హాస్టల్లో నా పలక విరగ్గొట్టినప్పుడు కూడా నువ్వు ఇలాగే ముందే బతిమాలావు.

చిన్నమ్మలు


గొల్లిమెట్ట,
సెప్టెంబరు 11.

అక్కా,

నేనే తీశాను.

మూడు కాగితాలు చింపి ఇది రాస్తున్నాను. మే నెల చివరి రోజు. నాలుగు వందల పేర్లు తెర మీద ఎర్రగా వచ్చాయి. ఒకే పేరు, ఒకే తండ్రి పేరు, ఒకే పుట్టినతేదీ, ఒకే మనిషి రెండుసార్లు నమోదై ఉండొచ్చు, సరిచూడండి అని. ఒక్కో పేరు పక్కన ఉంచు, తొలగించు అని రెండు గుర్తులు. సాయంత్రం ఐదుకి పంపాలి. నేను ప్రతి ఊరి మాస్టారుకీ ఫోన్ చేసి కనుక్కుంటూ ఉంచుతూ వచ్చాను. లక్ష్మీప్రసాద్ సార్ నా వెనక నిలబడి, "ఇంకా ఎంతసేపమ్మా? అన్నీ డూప్లికేట్లే, కొట్టెయ్," అన్నారు.

భాస్కరరావు మాస్టారుకి రెండుసార్లు చేశాను. కవరేజీ లేదని వచ్చింది. ఐదుకి పావుగంట ఉంది. కొట్టేశాను. ఫోన్ తగిలిన ఊళ్ళ పిల్లలు మిగిలారు, తగలని ఊళ్ళ పిల్లలు పోయారు. మీ ఊరొక్కటే కాదు. నాలుగు ఊళ్ళు, పందొమ్మిది మంది పిల్లలు.

తెలియక చేశానని అనను. కింద మైదానం నుంచి వచ్చినవాళ్ళకి తెలియదు, అది వాళ్ళ పొరపాటు. నేను ఈ కొండల పిల్లని. ముగ్గురు సోంబరులు ఉంటారని నాకు తెలుసు. తెలిసి కొట్టేశాను. తర్వాత కంప్యూటర్లో ఆ జాబితా లోపలికెళ్ళి తిరిగి చేరుద్దామని చూశాను. జూన్ ఒకటి నుంచి ఆ తలుపు మూసేశారు. పై అధికారి ఉత్తరువు ఉంటేనే తెరుస్తారు. ఇంకోరకంగా ప్రయత్నం అన్నది అదే, దొంగచాటుగా. కుదరలేదు.

నీ సుక్రి నీళ్ళలో పడిందని చదివాక నాకు అన్నం సహించడం లేదు. నేను సంతకం పెట్టి ఇస్తే నా ఉద్యోగం పోతుంది. కాంట్రాక్టు పొడిగింపు సెప్టెంబరు నెలాఖరుకి వాయిదా పడింది. అమ్మ మగ్దలేనమ్మకి నేను తప్ప ఎవరూ లేరని నీకు తెలుసు. నాకు భయంగా ఉంది అక్కా. ఈ ఉత్తరం చదివి పొయ్యిలో పెట్టెయ్.

డాలీ


దబ్బగుమ్మి,
సెప్టెంబరు 18.

డాలీ,

నీ ఉత్తరం పొయ్యిలో పెట్టలేదు. ఎవరికీ చూపించనూ లేదు. ఈ కవరులోనే తిరిగి పంపుతున్నాను, చూసుకో.

నిజం చెప్తాను. చదివిన రోజు దాన్ని పట్టుకుని పాడేరు వెళ్ళిపోదామనుకున్నాను. చీర కూడా మార్చుకున్నాను. మా అత్త అడిగింది, "ఏటే, కోపంగా ఉన్నావు, ఎవుల్ని కొట్టడానికి ఎల్తన్నావు?" అని. గుమ్మంలోనే ఆగిపోయాను. నువ్వు నన్ను నమ్మి రాసిన కాగితాన్ని నీకు చెప్పకుండా తీసుకెళ్ళి పెడితే, పిల్లల పేర్లు వాళ్ళకి చెప్పకుండా తీసేసిన పనికీ నా పనికీ తేడా ఏముంది?

నిన్ను క్షమించానని మాత్రం అనుకోకు. చాలా కోపంగా ఉన్నాను. ఎదురుగా ఉంటే జుట్టు పట్టుకునేదాన్ని. మీ అమ్మ సంగతి నాకు తెలుసు, ఆవిడ చేతి తిండి తిన్నాను. ఉద్యోగం పోయినా ఫరవాలేదని నేను అనలేను, అది నువ్వు తేల్చుకోవాలి.

మేం బెంచీల మీదనుంచి లేవడం లేదు. అక్టోబరు ఆరున పోలీసులతో వస్తామని కబురు పెట్టారు. రానివ్వు. ఆరో తారీఖు కూడా అన్నం వండుతాను, పదమూడు కంచాలూ కడుగుతాను.

చిన్నమ్మలు


పాడేరు బస్టాండు,
సెప్టెంబరు 29.

చిన్నక్కా,

బస్సుకి ఇంకా గంట ఉంది. కాగితం ఒళ్ళో పెట్టుకుని రాస్తున్నాను, గీతలు వంకరపోతే వెక్కిరించకు.

ఇవాళ సోమవారం అర్జీల వరసలో నిలబడ్డాను. నీకు రాసినదే మళ్ళీ రాశాను, ఈసారి సంతకంతో. పందొమ్మిది మంది పిల్లల పేర్లూ, ఒక్కొక్కరినీ ఊళ్ళో ఏమని పిలుస్తారో కూడా రాశాను. మిగతా మూడు ఊళ్ళకీ ఆదివారాల్లో నడిచి వెళ్ళి కనుక్కున్నాను, అందుకే ఆలస్యమైంది. అమ్మకి ముందే చెప్పాను. "నీ ఉద్యోగం నాను అడగనేదు, నిజం సెప్పమని సిన్నప్పుడే సెప్పాను," అంది. ఆ తర్వాత వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు. ఎలా బతుకుతామో మా ఇద్దరికీ ఇంకా తెలియదు.

అర్జీలు తీసుకునే పెద్దసారు పూర్తిగా చదివారు. లక్ష్మీప్రసాద్ సార్‌ని కూడా పిలిపించారు, ఆయన నా వైపు చూడలేదు. "ఒకే పేరుతో, ఒకే తండ్రి పేరుతో ముగ్గురెలా ఉంటారమ్మా?" అని అడిగారు పెద్దసారు.

"మా నాన్న చర్చి రిజిస్టరులో ఎలీయేజరు సార్. బాప్తిస్మానికి ముందు సోంబరు. అప్పుడు మా ఊళ్ళో నలుగురు సోంబరులుండేవారు. ఎవరూ ఎవర్నీ తీసెయ్యలేదు," అన్నాను.

"ఇలా రాసిమ్మని నీకెవరు చెప్పారు?" అన్నారు లక్ష్మీప్రసాద్ సార్.

"ఇది ఎవరూ చెప్పలేదు సార్. కొట్టెయ్యమన్నప్పుడు మాత్రం మీరు చెప్పారు," అన్నాను. వరసలో నిలబడ్డవాళ్ళు నవ్వారు. అక్కా, నాకు ఆ క్షణంలో భయం లేదు. ఇప్పుడు మళ్ళీ కొంచెం ఉంది.

ఆరో తారీఖు పోలీసుల్ని ఆపారు. బదులుగా ఆ రోజే పెద్దసారు పంపే మనుషులు పరిశీలనకి వస్తారు. పదమూడు మందీ కళ్ళ ముందు కనబడితే పేర్లు తిరిగి చేర్చి, మూసివేత రద్దు చేస్తామన్నారు. నోటిమాట కాదు, కాగితం తీసుకున్నాను. కనబడకపోతే ఇక అంతే. తర్వాత మిగతా మూడు ఊళ్ళకి వెళ్తారు. నా కాంట్రాక్టు పొడిగించడం లేదని సాయంత్రం ఫోన్లో చెప్పారు. అయినా పేర్లు తీసింది నేనే కాబట్టి, గుర్తుపట్టడానికి నన్ను కూడా రమ్మన్నారు. వస్తాను. నా జుట్టు పట్టుకోవాలనుంటే పట్టుకో, కానీ పని అయ్యాక.

ఆ రోజు ఎవరూ పిల్లల్ని సంతకి తీసుకెళ్ళొద్దు. తోటలకీ, చుట్టాలిళ్ళకీ పంపొద్దు. జ్వరం ఉన్నవాళ్ళని ఎత్తుకునైనా తీసుకురండి. హాజరు నేనే పిలుస్తానని అడిగాను, ఒప్పుకున్నారు. పొట్టి, మేకల అని కలపకుండా, రిజిస్టరులో ఉన్నట్టే పిలుస్తాను. కొర్రా సోంబరు అని మూడుసార్లు పిలుస్తాను, కొర్రా సుక్రి అని మూడుసార్లు పిలుస్తాను. పిల్లలకి ఇప్పటినుంచే చెప్పు, ఒకడు పలికాడు కదా అని రెండోవాడు ఊరుకోకూడదు. పిలిచిన ప్రతిసారీ ఒకరు లేచి నిలబడి, వచ్చినవాళ్ళందరికీ వినబడేలా, ఉన్నాను అని గట్టిగా అరవాలి.

డాలీ